పెంటాంగిల్ వారి ‘బాస్కెట్ ఆఫ్ లైట్’: జాజ్, బ్లూస్ కలిసిన జానపదాన్ని ఎలా వినాలి

పెంటాంగిల్ బృందం 1969లో వెలువరించిన ‘బాస్కెట్ ఆఫ్ లైట్’ను జాజ్, బ్లూస్ కలిసిన బ్రిటిష్ జానపద ఆల్బమ్‌లలో మేటిదని ఎందరో అంటున్నా, మీకు అందులో చక్కని గొంతు, చక్కని గిటారు తప్ప జాజ్ ఎక్కడా వినిపించలేదని రాశారు. సాక్సఫోన్ గానీ ట్రంపెట్ గానీ లేనిచోట జాజ్‌ను ఎలా గుర్తుపట్టాలని, కర్ణాటక సంగీతమూ సినిమా పాటలూ వింటూ పెరిగిన చెవికి ఈ ఆల్బమ్ పట్టుబడాలంటే ఏం చేయాలని అడిగారు. నాకు ఎంతో ఇష్టమైన రికార్డు ఇది. చాలా ఏళ్లుగా దీన్ని వింటున్నాను, ఇందులోని గిటారు పద్ధతిని సాధన చేస్తున్నాను కనుక కొంచెం విస్తరంగానే చెబుతాను.

మీరు జాజ్‌ను వెతికిన చోట అది లేదు. బాణీలో, గొంతులో, మాటల్లో వెతికితే అక్కడ ఉన్నది చాలావరకు పాత ఇంగ్లిష్ జానపదమే. జాజ్ అంతా ఆ పాట కింద నడుస్తున్న డబుల్ బాస్‌లోనూ డ్రమ్స్‌లోనూ ఉంది, బ్లూస్ (అమెరికా నల్లజాతివారి పాటల సంప్రదాయం) బృందంలోని ఇద్దరు గిటారు వాద్యకారుల వేళ్లలో ఉంది. కాబట్టి నా మొదటి సలహా ఒక్కటే. ఈసారి ఆల్బమ్ పెట్టుకున్నప్పుడు గాయనిని కాసేపు పక్కన పెట్టి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా డానీ థామ్సన్ వాయించిన డబుల్ బాస్‌నే అనుసరించండి. వయొలిన్ కుటుంబంలోకెల్లా పెద్దదైన ఆ నిలువెత్తు వాద్యాన్ని ఆయన ఎక్కువగా వేళ్లతో మీటుతాడు, అవసరమైన చోట కమానుతో గీస్తాడు. దాని అట్టడుగు స్వరం సుమారు 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఫోన్ స్పీకరుకు ఆ స్వరాలు అసలు అందవు. మీరు ఇంతవరకు ఫోన్ స్పీకరులోనే విని ఉంటే, ఈ ఆల్బమ్‌లో అయిదో వంతు మీకు చేరనే లేదన్నమాట. మంచి హెడ్‌ఫోన్లతోనో, కొంచెం పెద్ద స్పీకర్లతోనో వినడం ఈ ఆల్బమ్ విషయంలో తప్పనిసరి.

ఈ కలయిక ఎలా పుట్టిందో కొంచెం తెలిస్తే వినడం సులభమవుతుంది. 1950లలో బ్రిటన్‌లో జానపద గీతాల పునరుద్ధరణ ఒక ఉద్యమంలా సాగింది. పల్లెల్లోని ముసలివారి దగ్గర సేకరించిన పాటలను యువకులు నగరాల్లోని పబ్బుల మేడ గదుల్లో, ఫోక్ క్లబ్బుల్లో పాడేవారు. ఆ పాటలు చాలావరకు తోడు వాద్యం లేకుండా ఒక్క గొంతుతో పాడుకున్నవి. ఎవరి ప్రాంతపు పాటను వారే పాడాలని నియమం పెట్టుకున్న క్లబ్బులు కూడా లండన్‌లో ఉండేవి. సరిగ్గా అదే కాలంలో అమెరికా నుంచి బిగ్ బిల్ బ్రూన్జీ, బ్రౌనీ మెక్‌గీ వంటి బ్లూస్ కళాకారులు బ్రిటన్ వచ్చి కచేరీలు చేశారు. ఒక్క గిటారు మీద బొటనవేలితో మంద్ర తీగలను క్రమం తప్పకుండా మీటుతూ, మిగతా వేళ్లతో పైతీగల మీద పాట పలికించే వారి పద్ధతి అక్కడి కుర్రకారును ఉర్రూతలూగించింది. గ్లాస్గోలో పుట్టి ఎడిన్‌బరోలో గిటారు నేర్చుకున్న బర్ట్ జాన్ష్, లండన్‌వాసి జాన్ రెన్‌బోర్న్ ఇద్దరూ ఆ పద్ధతిని ఆకళింపు చేసుకున్నవారే. 1965 ప్రాంతానికి లండన్ సోహోలోని ‘లే కజిన్స్’ వంటి క్లబ్బుల్లో తెల్లవార్లూ గిటారు వాయించేవారికి పాత ఇంగ్లిష్ పాటా, మిసిసిపీ బ్లూసూ, చార్లెస్ మింగస్ జాజ్ బాణీలూ వేరువేరు పెట్టెల్లో ఉంచవలసినవిగా కనిపించడం మానేశాయి. 1966లో జాన్ష్, రెన్‌బోర్న్ కలిసి చేసిన ‘బర్ట్ అండ్ జాన్’ ఆల్బమ్‌లో మింగస్ రచించిన ‘గుడ్‌బై పోర్క్ పై హ్యాట్’ను రెండు గిటార్ల మీద వాయించారు.

మిగిలిన ఇద్దరు వాద్యకారులు మరో దారిన వచ్చారు. డానీ థామ్సన్, డ్రమ్స్ వాయించే టెరీ కాక్స్ ఇద్దరూ అలెక్సిస్ కార్నర్ బృందంలో పనిచేశారు. బ్రిటిష్ బ్లూస్‌కు పాఠశాల అనదగ్గ బృందమది. జాజ్ క్లబ్బుల్లో నలిగిన చేతులు వారివి. ఇక జాకీ మెక్‌షీ ఫోక్ క్లబ్బుల్లో పాడుతూ రెన్‌బోర్న్‌కు పరిచయమైంది. ఈ అయిదుగురూ 1967లో లండన్ టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్డులోని హార్స్‌షూ అనే హోటల్లో ఆదివారం రాత్రులు కలిసి వాయిస్తూ ఒక బృందంగా కుదురుకున్నారు. 1968లో తొలి ఆల్బమ్, అదే ఏడాది ‘స్వీట్ చైల్డ్’ అనే జంట ఆల్బమ్, 1969 అక్టోబరులో ఈ ‘బాస్కెట్ ఆఫ్ లైట్’ వచ్చాయి. ముగ్గురు జానపదం వైపు నుంచీ, ఇద్దరు జాజ్ వైపు నుంచీ వచ్చి మధ్యలో కలిశారన్న ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే, పాటలో ఏది ఎవరి చేతి నుంచి వస్తోందో తెలుసుకోవడం తేలికవుతుంది.

కవరు మీద వారు అచ్చు వేయించిన ఒక వాక్యం ఉంది. ఈ ఆల్బమ్‌లో వాయించిన వాద్యాలన్నీ అకౌస్టిక్ వాద్యాలే అని దాని సారం. అది గొప్పల కోసం వేసుకున్నది కాదని నా అభిప్రాయం. రాక్ బృందాలన్నీ ఆంప్లిఫయర్ల శబ్దాన్ని పెంచుకుంటూ పోతున్న ఏడాది అది. పైగా ఈ ఆల్బమ్‌ను నిర్మించిన షెల్ టాల్మీ అంతకుముందు ది కింక్స్, ది హూ వంటి గట్టి రాక్ బృందాల తొలి రికార్డులు చేసినవాడు. అయినా ఇక్కడ ఆయన వాద్యాల మధ్య ఖాళీని ఖాళీగానే ఉంచాడు. చెక్క మీద తీగ తగిలే చప్పుడు, డ్రమ్ముల మీద తేలికగా పడే దెబ్బ, గాయని ఊపిరి తీసుకునే విరామం, ఇవన్నీ విడివిడిగా వినబడతాయి. అయిదుగురు ఒకరి మాటను ఒకరు వింటూ వాయిస్తున్నారని శ్రోతకు తెలియాలంటే ఆ ఖాళీ ఉండి తీరాలి.

ఇప్పుడు మొదటి పాట ‘లైట్ ఫ్లైట్’ దగ్గరకు వద్దాం. ఇది వారి సొంత రచన. 1969 నవంబరులో బీబీసీ మొదలుపెట్టిన ‘టేక్ త్రీ గర్ల్స్’ అనే ధారావాహికకు ఇది ముఖగీతమైంది. లండన్‌లో ఒకే ఫ్లాట్‌లో ఉండే ముగ్గురు యువతుల కథ అది, బీబీసీ రంగుల్లో తీసిన తొలి నాటక ధారావాహిక కూడా. ఆ ప్రచారం వల్లనే ఈ ఆల్బమ్ బ్రిటన్ అమ్మకాల పట్టికలో 5వ స్థానం దాకా వెళ్లింది. జానపద క్లబ్బుల్లో పెరిగిన బృందానికి అది అసాధారణమైన విజయం. అయితే ఇంత ప్రజాదరణ పొందిన ఈ పాట తాళాన్ని లెక్కపెట్టి చూడండి. 5 అక్షరాల నడక, 7 అక్షరాల నడక కలగలిసి పరిగెడతాయి, మధ్యలో ఒక భాగం 6 లెక్కకు మారి కాస్త నిదానించినట్టవుతుంది. నాలుగు లెక్కకు అలవాటుపడిన పాశ్చాత్య పాప్ శ్రోతకు ఇది కాలు తడబడే చోటు. మీకు మాత్రం ఇక్కడ ఎంతో సౌలభ్యం ఉంది. ఖండ చాపు, మిశ్ర చాపు చిన్నప్పటి నుంచి విన్న చెవి మీది. నోటితో తకతకిట అనీ, తకిటతకధిమి అనీ అనుకుంటూ పాటతో పాటు నడిచి చూడండి. రెండు మూడు సార్లు వినేసరికి ఎక్కడ అయిదు వస్తోందో ఎక్కడ ఏడు వస్తోందో మీ చేతికే తెలిసిపోతుంది. అప్పుడు గమనించవలసింది ఏమిటంటే, లెక్క ఇంత వంకరగా ఉన్నా జాకీ మెక్‌షీ గొంతులో ఆ లెక్క తాలూకు శ్రమ రవంతైనా వినిపించదు. ఆమె ఒక ఊయల పాట పాడుతున్నంత హాయిగా పాడుతుంది. లెక్క మోసే భారమంతా కింద థామ్సన్, కాక్స్ పంచుకున్నారు.

జాజ్‌లో బేసి తాళాలు అప్పటికి కొత్త కాదు. 1959లో డేవ్ బ్రూబెక్ చతుష్టయం ‘టైమ్ అవుట్’ ఆల్బమ్‌తో అయిదు లెక్కను ఇంటింటి పాట చేసింది. కానీ తాళం బేసిగా ఉండడమొక్కటే జాజ్ కాదు. ఆ తాళాన్ని బాస్, డ్రమ్స్ ఎంత స్వేచ్ఛగా మోస్తున్నాయన్నదే జాజ్. సాధారణ పాప్ పాటలో బాస్ వాద్యకారుడు ప్రతి కార్డు (కలిపి పలికే స్వరాల గుంపు) మార్పుకూ దాని ఆధార స్వరాన్ని పలికించి ఊరుకుంటాడు. థామ్సన్ అలా చేయడు. ఆయన ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి మెట్లు వేసుకుంటూ నడుస్తాడు, ఒకచోట ఎగిరి పై స్థాయిలో గిటారుకు బదులు చెబుతాడు, ఇంకోచోట వేలిని తీగ మీద జార్చి స్వరాన్ని ఒకవైపుకు ఒరిగిస్తాడు. గాయని అదే బాణీని చరణం తర్వాత చరణం తిరిగి పాడుతున్నా, కింద బాస్ చెప్పే మాట ప్రతిసారీ కొంత మారుతుంది. మన కచేరీలో కీర్తనలోని ఒకే సంగతిని గాయకుడు మళ్లీ మళ్లీ పాడుతుండగా మృదంగ విద్వాంసుడు ప్రతి ఆవృత్తానికి కొత్త నడక వేయడం మీరు వినే ఉంటారు. ఆ వినికిడినే ఇక్కడ బాస్ మీదికి మళ్లించండి.

బ్లూస్ సంగతి వేరు. బ్లూస్ అనగానే పన్నెండు గదుల (బార్ల, అంటే తాళ ఆవృత్తాల) చట్రం, మూడు పంక్తుల చరణం, ఏడుపు గొంతు ఆశిస్తారు. ఇక్కడ అవేవీ ప్రధానంగా లేవు. ఉన్నది బ్లూస్ వారి చేతివాటం. జాన్ష్ తీగను మీటే తీరును గమనించండి. ఆయన తీగను గట్టిగా లాగి వదులుతాడు, అది పలక మీద కొట్టుకున్న చప్పుడు కూడా పాటలో భాగమవుతుంది. స్వరాన్ని పలికించాక ఎడమచేతి వేలితో తీగను పక్కకు నెట్టి దాన్ని కొద్దిగా పైకి ఎక్కిస్తాడు. బ్లూస్‌కు ప్రాణమైన స్వరం ఒకటి ఉంది. అది సాధారణ గాంధారమూ కాదు, అంతర గాంధారమూ కాదు, ఆ రెండింటి నడుమ నిలకడ లేకుండా కదిలే గాంధారం. పియానో మీద దానికి తావు లేదు, తీగ మీదా గొంతులోనూ మాత్రమే పలుకుతుంది. గమకం తెలిసిన చెవికి ఈ కదలిక పరాయిది కాదు గనుక దాన్ని మీరు ఇట్టే పట్టుకోగలరు. రెన్‌బోర్న్ చేయి దీనికి భిన్నం. ఆయన మధ్యయుగ సంగీతాన్ని, పునరుజ్జీవన కాలపు లూట్ అనే తీగ వాద్యపు బాణీలను శ్రద్ధగా అధ్యయనం చేసినవాడు. అందుకే ఆయన స్వరాలు ముత్యాల వరుసలా విడివిడిగా, సమంగా ఉంటాయి. మొరటుగా, తెగువగా వచ్చే గిటారు జాన్ష్‌ది, నునుపుగా, కొలిచినట్టు వచ్చేది రెన్‌బోర్న్‌ది అని మొదట్లో గుర్తుపెట్టుకోండి. కొన్నాళ్లకు ఆ ఆనవాళ్లు కూడా మీకు అవసరం పడవు.

ఇక్కడ స్వరాల గురించి ఇంకొక్క మాట. పాత ఇంగ్లిష్ జానపద బాణీలలో చాలావాటికి పాశ్చాత్య మేజర్ (అంతర గాంధారంతో నడిచేది), మైనర్ (సాధారణ గాంధారంతో నడిచేది) చట్రాలు సరిపోవు. వారు డోరియన్ అని పిలిచే స్వర క్రమం మన ఖరహరప్రియ మేళంలోని స్వరాలతో సరిపోలుతుంది, మిక్సోలిడియన్ అనేది హరికాంభోజి స్వరాలతో సరిపోలుతుంది. రాగ లక్షణాలు, గమకాలు వేరు, స్వరస్థానాలు మాత్రం ఒకటే. ఇలాంటి బాణీల కింద మామూలు మేజర్, మైనర్ కార్డులు అదేపనిగా వాయిస్తే వాటి సహజ రుచి పోతుంది. ఈ ఇబ్బందిని లండన్ గిటారు వాద్యకారులలో ముందుగా పరిష్కరించినవాడు డేవీ గ్రాహమ్. ఆయన గిటారు ఆరు తీగలను డి, ఎ, డి, జి, ఎ, డి అనే వరుసలో శ్రుతి చేసుకునే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. డి ని షడ్జంగా తీసుకుంటే అది స, ప, స, మ, ప, స అవుతుంది. గాంధారం లేదు కాబట్టి అది మేజరూ కాదు, మైనరూ కాదు. మన తంబురా శ్రుతిలా బాణీకి కింద నిలబడుతుంది తప్ప దాన్ని ఎటూ లాగదు. పెంటాంగిల్ గిటారు వాద్యకారులిద్దరూ గ్రాహమ్ చూపిన బాటలో ఎదిగినవారే. వారు కార్డులను గుద్దుతూ పాటను కప్పివేయకుండా, శ్రుతి స్వరాలను కింద మోగనిస్తూ, పైన రెండు మూడు సన్నని బాణీలను అల్లుతారు. ఈ విధానం వల్లనే బాస్‌కు తిరగడానికి చోటు మిగిలింది. కార్డులన్నీ గిటారే పలికేస్తే డబుల్ బాస్ ఎంత ప్రతిభ ఉన్నా కట్టిపడేసినట్టుగానే ఉంటుంది.

ఆల్బమ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించే పాట చివరిదైన ‘హౌస్ కార్పెంటర్’. అమెరికన్ పండితుడు ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ పంతొమ్మిదో శతాబ్దిలో సంకలనం చేసిన 305 బ్యాలడ్లలో (కథాగేయాలలో) ఇది 243వది. బ్రిటన్‌లో పుట్టి, వలస వెళ్లినవారితో అట్లాంటిక్ దాటి, అమెరికాలోని అపలేచియన్ కొండల్లో వడ్రంగి భార్య కథగా స్థిరపడింది. పాత ప్రియుడు తిరిగి వచ్చి పిలిస్తే ఆమె భర్తను, పసిబిడ్డను వదిలి ఓడ ఎక్కుతుంది, కొద్ది వారాలకే బిడ్డ కోసం కుమిలిపోతుంది, ఆ తరువాత ఓడ మునిగిపోతుంది. ఈ పాటకు జాన్ష్ బాంజో వాయిస్తే రెన్‌బోర్న్ సితార వాయించాడు. చదవగానే ఇది ఆ కాలపు వెర్రి పోకడ అనిపించవచ్చు, 1960ల చివర పాశ్చాత్య రికార్డులలో సితారను అలంకారానికి తగిలించడం మామూలే. ఇక్కడ మాత్రం దానికి బలమైన సంగీత కారణం ఉంది. అయిదు తీగల బాంజోలో అయిదో తీగ పొట్టిది, బాణీ ఎటు పోయినా అది మాత్రం ఒకే స్వరాన్ని మోగిస్తూ ఉంటుంది. సితారలో చికారీ తీగలు చేసేదీ అదే పని. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతో అమెరికా చేరి రూపు దిద్దుకున్న వాద్యమొకటి, మన వాద్యమొకటి, రెండూ శ్రుతి తీగను నమ్ముకున్నవే. వాటిని ఒక ఇంగ్లిష్ బ్యాలడ్ కింద పక్కపక్కన నిలబెడితే అతకకపోవడానికి ఆస్కారమే లేదు. మీరు ఇందులో ఆలాపన, మీండ్, రాగ విస్తారం ఆశించి వినకండి. రెన్‌బోర్న్ ఆ సితారను గిటారు వాద్యకారుడిగానే వాయించాడు. చిన్న చిన్న పలుకులుగా వచ్చి బాంజోతో ఒరుసుకునే ఆ మోతను అది ఉన్నట్టుగానే వినండి. ఇక వీటన్నిటి కింద థామ్సన్ బాస్ నడక వింటే, మునగబోయే ఓడ కదలిక మొదటి చరణం నుంచే పాటలో ఉందని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

‘లైక్-వేక్ డర్జ్’ ఆల్బమ్‌లో ఒక ప్రత్యేకమైన చోటు. ఇంగ్లండ్ ఉత్తరాన యార్క్‌షైర్‌లో శవజాగారం చేసేటప్పుడు పాడిన పాట ఇది, జాన్ ఆబ్రీ అనే ఆయన దీన్ని 1686లో కాగితం మీద పెట్టాడు. చనిపోయినవారి ఆత్మ ముళ్ల పొదల మైదానాన్ని, ఆ తర్వాత భయంకరమైన వంతెనను దాటి పోవాలి. బతికుండగా ఎవరికైనా చెప్పులు దానం చేసి ఉంటే ఆ ముళ్ల మీద నడిచేటప్పుడు అవి వారికి దొరుకుతాయి, చేయకపోతే ముళ్లు ఎముక దాకా దిగుతాయి. ఇది చదివినప్పుడు తెలుగువారికి గరుడ పురాణంలోని యమమార్గం, వైతరణి గుర్తురాక మానవు, మన ఇళ్లలో పెద్దకర్మ నాడు గొడుగు, పాదరక్షలు దానం ఇచ్చే ఆచారమూ గుర్తురాక మానదు. ఇక్కడ ఎవరు ఎవరి నుంచి తీసుకున్నారన్న చర్చకు నేను పోను. పాటను అర్థం చేసుకోవడానికి మీకు నిఘంటువు అవసరం లేదని చెప్పడమే నా ఉద్దేశం. జాజ్ ఈ పాటలో లేదు. బృందం వాద్యాలను బాగా తగ్గించి గొంతులను కలిపి పాడింది. ఎప్పుడు వాయించకూడదో తెలిసినవారు గనుకనే వాయించినచోట అంత బాగా వాయించారని ఈ పాట విన్నాక నమ్మకం కలుగుతుంది.

ఆ వెంటనే వచ్చే ‘ట్రైన్ సాంగ్’ దీనికి పూర్తిగా వ్యతిరేక ధ్రువం. బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాలలో ఆవిరి యంత్రాల సేవను 1968 ఆగస్టులో ముగించింది. వెళ్లిపోయిన ఆ యంత్రాల కోసం పాడుకున్న పాట ఇది. బ్లూస్‌కూ రైలుకూ ఉన్న సంబంధం చాలా పాతది, అమెరికాలోని దక్షిణాది రాష్ట్రాల పొలాల నుంచి ఉత్తరాది కర్మాగారాలకు పోయిన నల్లజాతి కూలీల పాటల్లో రైలు తప్పక వస్తుంది. జాన్ష్ గొంతు ఇక్కడ పాడుతున్నదానికంటే గొణుగుతున్నట్టే ఉంటుంది, పక్కన మెక్‌షీ మాటలు లేని స్వరాలను జాజ్ గాయనుల పద్ధతిలో విసురుతుంది. కింద బాస్, డ్రమ్స్ పట్టాల మీది చక్రాల్లా తోసుకుపోతాయి. జాజ్ ఎక్కడుందని అడిగిన మీ ప్రశ్నకు ఒక్క పాటలో జవాబు కావాలంటే ఇదే వినిపిస్తాను.

‘హంటింగ్ సాంగ్’ సుమారు ఆరు ముప్పావు నిమిషాలు సాగుతుంది, ఆల్బమ్‌లో అన్నిటికంటే పొడవైన పాట. ఆర్థర్ రాజు కథల్లోని మాయ కొమ్ము వృత్తాంతం దీనికి ఆధారం. భర్తకు ద్రోహం చేసిన స్త్రీ ఆ కొమ్ముతో తాగబోతే పానీయం ఒలికిపోతుంది. కథ మలుపు తిరిగిన ప్రతిచోటా సంగీతం కూడా తన రూపం మార్చుకుంటుంది, కాక్స్ ఇందులో డ్రమ్స్‌తో పాటు గ్లాకెన్‌స్పీల్ అనే లోహపు పలకల వాద్యాన్ని మోగించాడు. నాకు ఈ పాట మీద గౌరవం ఎక్కువ, మొదటిసారి వినేవారికి మాత్రం ఇది చివర వినమని చెబుతాను. నిడివి ఎక్కువ, మాటల మీద ధ్యాస పెట్టకపోతే దారి తప్పినట్టు ఉంటుంది. ‘వన్స్ ఐ హ్యాడ్ ఎ స్వీట్‌హార్ట్’లో కూడా సితార ఉంది, అక్కడ అది మరింత ముందుకు వచ్చి పలుకుతుంది. ‘హౌస్ కార్పెంటర్’లో కుదిరినంత పొందిక నాకు అక్కడ కనిపించదు, కానీ ఆ పాటలో మెక్‌షీ గొంతు విన్నాక ఆ లోటును పట్టించుకోవాలనిపించదు. ‘సాలీ గో రౌండ్ ది రోజెస్’ అమెరికాలో ది జేనెట్స్ అనే యువతుల బృందం 1963లో పాడి పేరు తెచ్చుకున్న పాప్ పాట. దీన్ని జానపద పాటల నడుమ పెట్టడం ఈ బృందం దృష్టి ఎటువంటిదో చెబుతుంది. పాట ఎంత పాతది అన్న లెక్క వారికి లేదు, అయిదుగురు కలిసి మాట్లాడుకోవడానికి అందులో చోటు ఉందా అన్నదే చూశారు. ‘ది కుకూ’ చిన్నది, తేటనైనది. ‘స్ప్రింగ్‌టైమ్ ప్రామిసెస్’ తేలికైన పాట, మిగతావాటి పక్కన అది కొంత పలచగా ఉంటుందని నా అభిప్రాయం.

గాయని గురించి ఇంతవరకు పక్కన పెట్టమన్నాను, ఇప్పుడు ఆమె దగ్గరకు వెళ్లాలి. జాకీ మెక్‌షీ గొంతులో బ్లూస్ గాయనుల గరుకుతనం లేదు, నాటకీయత లేదు. ‘ట్రైన్ సాంగ్’ వంటి ఒకటి రెండు చోట్ల తప్ప జాజ్ గాయనుల వలె బాణీని విరిచి వెనక్కి లాగి పాడే అలవాటూ లేదు. పాత బ్యాలడ్ గాయకుల సంప్రదాయంలో ఆమె కథను తన మీదికి తెచ్చుకోకుండా, ఏ మాటా ఒత్తి పలకకుండా, నిటారుగా పాడుతుంది. బిడ్డను వదిలిన తల్లి దుఃఖాన్నైనా, రాజసభలో అవమానాన్నైనా అదే తేట గొంతుతో చెబుతుంది. మొదట వినేవారికి ఇది భావం లేకపోవడంగా తోచవచ్చు, మీ ప్రశ్నలో ఆ అసంతృప్తి కొంచెం కనిపించింది. ఒక్కసారి ఊహించి చూడండి. కింద బాస్ అంత స్వేచ్ఛగా తిరుగుతూ, డ్రమ్స్ తాళాన్ని అన్ని విధాలుగా విడదీస్తూ, రెండు గిటార్లు ఎదురుబదురు మాట్లాడుకుంటూ ఉండగా, గాయని కూడా తన బాణీని విరుస్తూ పాడితే పాట ఎక్కడ నిలబడుతుంది? ఆమె నిలకడే మిగతా నలుగురికి స్వేచ్ఛ ఇచ్చింది. ఆ కాలంలో జానపదాన్ని రాక్‌తోనో జాజ్‌తోనో కలిపిన ప్రయత్నాలు చాలా జరిగాయి, వాటిలో కొన్ని ఇప్పుడు వినలేనంతగా పాతబడ్డాయి. వాటిలో పాటను కొత్త వేషంలోకి ఇరికించారు. ఇక్కడ పాట తన ఒంటిని తానే మోసుకుంటూ నిలబడింది, జాజ్ వచ్చి దాని చుట్టూ తిరిగింది. ఈ ఆల్బమ్ ఇప్పటికీ తాజాగా ఉండడానికి నాకు తెలిసిన కారణం ఇదే.

వినే క్రమం గురించి కూడా అడిగారు కనుక నా మాట చెబుతాను. మొదట ‘ట్రైన్ సాంగ్’ను బాస్ కోసం వినండి. తర్వాత ‘లైట్ ఫ్లైట్’ను చేత్తో తాళం వేస్తూ వినండి. ఆ పైన ‘హౌస్ కార్పెంటర్’ మాటలను ఎదురుగా పెట్టుకుని, కథ తెలిశాక వినండి. ఈ మూడూ చెవికెక్కాక ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా వరుసగా వినండి, అప్పుడు ‘లైక్-వేక్ డర్జ్’ను ‘ట్రైన్ సాంగ్’కు ముందు ఎందుకు పెట్టారో కూడా అర్థమవుతుంది. ఎల్పీలో మొదటి ముఖం ఆ రెండు పాటలతోనే ముగుస్తుంది, రెండో ముఖం ‘హంటింగ్ సాంగ్’తో మొదలవుతుంది. పాటల వరుసను అటూఇటూ మార్చి వినిపించే అమరిక మీ యాప్‌లో ఉంటే దాన్ని ఆపివేయడం మంచిది.

ఇది నచ్చితే తర్వాత వినవలసినవి ‘స్వీట్ చైల్డ్’, డేవీ గ్రాహమ్ 1965లో చేసిన ‘ఫోక్, బ్లూస్ అండ్ బియాండ్’. మొదటిదానిలో సగం 1968 జూన్‌లో లండన్ రాయల్ ఫెస్టివల్ హాల్‌లో చేసిన కచేరీ, అందులో మింగస్ రచనలను బృందం బహిరంగంగానే వాయించింది గనుక జాజ్‌ను వెతుక్కోవలసిన అవసరం మీకు ఉండదు. డానీ థామ్సన్ బాస్ మీ చెవికి పట్టుబడితే, ఇదే 1969లో వచ్చిన నిక్ డ్రేక్ తొలి ఆల్బమ్ ‘ఫైవ్ లీవ్స్ లెఫ్ట్’లోనూ, 1973లో వచ్చిన జాన్ మార్టిన్ ‘సాలిడ్ ఎయిర్’లోనూ వాయించింది ఆయనే. ఆ రెండింటిలో రెండోదాన్ని ముందు వినండి, అందులో బాస్ మరింత దగ్గరగా, పాటలో సగం తానై వినిపిస్తుంది.